మీ సరుకు పుట్టుక మీరే చెప్పాలి

2022 మే 1న భారత్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన వస్త్రాలు, నగలు, ఇంకా ఎన్నో సరుకుల మీద దుబాయ్ కస్టమ్స్ 5 శాతం సుంకం వేసేది. ఆ రోజు నుంచి వాటిలో చాలావాటికి సుంకం సున్నా. అయితే ఆ సున్నా దానంతటది రాదు. సరుకుతో పాటు అది ఏ దేశంలో పుట్టిందో చెప్పే ధ్రువపత్రం ఒకటి వెళ్లాలి. అది లేకపోతే ఒప్పందం లేనట్టే లెక్క, పాత 5 శాతమే కట్టించుకుంటారు. "మీకు రాయితీ ఉంది కదా, అడగలేదేం?" అని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

పెద్ద కంపెనీలో ఈ పని చూసుకోవడానికి ఒక విభాగమే ఉంటుంది. చిన్న యూనిట్లో ముడిసరుకు కొనేదీ, బ్యాంకుకు పోయేదీ, పార్టీకి ఫోన్ చేసేదీ ఒక్కరే. అందుకే దేశాల మధ్య ఎన్ని ఒప్పందాలు కుదిరినా వాటి లాభం చిన్నవాళ్ల గుమ్మం దాకా రావడం తక్కువ. కానీ ఒక విషయంలో చిన్నవాళ్లదే పైచేయి. తమ సరుకులో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలిసినంతగా పెద్ద కంపెనీ యజమానికి తెలియదు. నూలు ఏ ఊరి నుంచి తెచ్చారు, రంగు ఎవరు వేశారు, మూత ఏ దేశంలో చేసింది, అన్నీ నోటి లెక్కే. ఆ నోటి లెక్కను కాగితం మీదికి తేవడమే ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోబోయే పని.

ముందు పక్క రాష్ట్రం

ప్రాంతీయ ఆర్థిక సమైక్యత అంటే ఇరుగుపొరుగు ప్రాంతాలు తమ మధ్య పన్నుల గోడలు తగ్గించుకుని ఒకే అంగడిలా మారడం. దీనికి మన ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. ఖమ్మం నుంచి ఒడిశాకో, చిత్తూరు నుంచి చెన్నైకో సరుకు పంపడం అంతకుముందుకంటే తేలికైంది.

ఇక్కడే చాలామంది చిన్న వ్యాపారులకు తెలియని చిక్కు ఒకటుంది. లెక్కల బెడద తగ్గుతుందని జీఎస్టీలోని కాంపొజిషన్ స్కీములో చేరినవాళ్లు సరుకును రాష్ట్రం దాటించి అమ్మకూడదు. చట్టం దృష్టిలో ఎగుమతి కూడా అంతర్రాష్ట్ర అమ్మకమే కాబట్టి దేశం కూడా దాటించలేరు. మీ వ్యాపారం ఆ స్కీములో ఉంటే, బయటి మార్కెట్ గురించి ఆలోచించేముందు మీ ఆడిటర్‌తో కూర్చుని మామూలు రిజిస్ట్రేషన్‌లోకి మారితే ఏమవుతుందో లెక్క వేయించండి.

పక్క రాష్ట్రానికి ఏడాది పాటు క్రమంగా అమ్మితే మూడు అలవాట్లు వస్తాయి: సరైన కోడ్‌తో ఇన్వాయిస్ రాయడం, మొహం చూడని పార్టీ దగ్గర డబ్బు రాబట్టడం, దూర ప్రయాణానికి తట్టుకునేలా ప్యాకింగ్ చేయడం. ఎగుమతికి కావలసినవీ ఈ మూడే.

మీది చిన్నదా, కాదా అన్న అనుమానం వద్దు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం ఏటా 10 కోట్ల రూపాయల టర్నోవర్ దాకా సూక్ష్మ, 100 కోట్ల దాకా చిన్న, 500 కోట్ల దాకా మధ్యతరహా సంస్థలే. యంత్రాల మీద పెట్టుబడికి వేరే పరిమితులు ఉన్నాయి. ఈ సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. చేయిస్తామని డబ్బు అడిగే ఏజెంట్ల జోలికి పోకండి.

రెండు రేట్లు పక్కపక్కన రాసుకోండి

ఎగుమతి మొదలుపెట్టడానికి కావలసినవి తక్కువే. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ, ఇచ్చే ఐఈసీ నంబరు ఒకటి. 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్లోనే వస్తుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాని వివరాలను ఒకసారి సరిచూసి నిర్ధారించాలి, మరిచిపోతే నంబరు నిలిచిపోతుంది. మీ బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్ రెండోది. దాన్ని మీరు సరుకు పంపే రేవులో నమోదు చేయాలి. జీఎస్టీ ముందే కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఏటా దాఖలు చేసే ఎల్‌యూటీ మూడోది.

తరువాత మీ సరుకు ఏ రకానిదో కస్టమ్స్‌కు చెప్పే హెచ్‌ఎస్ కోడ్ తెలుసుకోండి. ఆ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతా ఒకటే. ఎండుమిర్చి కాయకు 090421, దాన్ని దంచి కారం చేస్తే 090422, పసుపుకు 091030. కాయను పొడి చేసినంత మాత్రాన కోడ్ మారిందని గమనించండి. ఈ మార్పు ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చూద్దాం. ఆరు అంకెల తరువాతి భాగం దేశాన్ని బట్టి మారుతుంది. కాబట్టి అక్కడి కోడ్ ఏమిటో పార్టీనే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో దేశం పేరు, రెండో గడిలో ఒప్పందం లేనివాళ్లకు అక్కడ పడే మామూలు సుంకం, మూడో గడిలో ఒప్పందం ప్రకారం పడే సుంకం. రెండు రేట్ల మధ్య తేడాయే మీకు దక్కగల లాభం. డీజీఎఫ్‌టీ 2024లో తెచ్చిన ట్రేడ్ కనెక్ట్ పోర్టల్‌లో ఈ వివరాలు వెతుక్కోవచ్చు.

ఈ గడులు నింపితే కొన్ని భ్రమలు తొలగుతాయి. ఉదాహరణకు సింగపూర్. ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కూటమితో మన సరుకుల ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సింగపూర్ ఆ కూటమిలోదే. కానీ కొన్ని రకాల మద్యం తప్ప మిగతా సరుకుల మీద అక్కడ మామూలు దిగుమతి సుంకమే సున్నా. తగ్గించడానికి ఏమీ లేని చోట సుంకం తగ్గించే ధ్రువపత్రం కోసం పరుగెత్తడం వృథా. అదే కూటమిలోని ఇండోనేషియా, థాయిలాండ్, వియత్నాంలలో సరుకును బట్టి తేడా కనిపిస్తుంది.

గల్ఫ్ సంగతీ ఇంతే. యూఏఈతో కుదిరిన ఒప్పందం కువైట్‌కు వర్తించదు. రెండూ గల్ఫే, రెండు చోట్లా మనవాళ్లే, కానీ కస్టమ్స్ దగ్గర దారులు వేరు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవారికి అమ్మే సరుకుకు ఒక లెక్క, కడప, కోనసీమ నుంచి కువైట్ వెళ్లినవారికి అమ్మే సరుకుకు ఇంకో లెక్క వేసుకోవాలి. ఇవి కాక శ్రీలంకతో 2000 నుంచి, సార్క్ దేశాల మధ్య సాఫ్టా కింద 2006 నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29 నుంచి ఒప్పందాలు నడుస్తున్నాయి. 15 దేశాల ఆర్‌సెప్ ఒప్పందం నుంచి మాత్రం 2019 నవంబరులో భారత్ తప్పుకుంది. పేపర్లో ఒప్పందం వార్త చూడగానే సంబరపడకండి. మీ కోడ్, మీ పార్టీ ఉన్న దేశం అందులో ఉన్నాయో లేదో చూడండి.

గోత్రం చెప్పే లెక్క

పెళ్లి సంబంధం దగ్గర గోత్రం అడిగినట్టే, రాయితీ ఇచ్చేముందు కస్టమ్స్ అధికారి సరుకు పుట్టుక అడుగుతాడు. ఎందుకంటే భారత్‌కు ఇచ్చిన రాయితీని చైనా సరుకో, మరో దేశం సరుకో మన పేరు పెట్టుకుని వాడుకోకూడదు. ఈ నిబంధనలనే రూల్స్ ఆఫ్ ఆరిజిన్ అంటారు.

గుంటూరు పొలంలో పండిన మిర్చికి పెద్ద లెక్క అక్కర్లేదు. నాటిందీ కోసిందీ ఇక్కడే కాబట్టి పూర్తిగా మన దేశపు సరుకే. చిక్కంతా బయటి భాగాలు కలిసే వస్తువులతోనే. ఆసియాన్ ఒప్పందంలో అలాంటి వస్తువుకు సాధారణ నియమంలో రెండు షరతులు ఉన్నాయి, రెండూ తీరాలి. ఎఫ్‌ఓబీ ధరలో, అంటే మన రేవులో ఓడ ఎక్కించే దాకా అయ్యే ధరలో, కనీసం 35 శాతం విలువ ఇక్కడిదై ఉండాలి. బయటి నుంచి తెచ్చిన భాగాల ఆరంకెల కోడ్, తయారైన వస్తువు ఆరంకెల కోడ్ వేర్వేరుగా ఉండాలి.

ఒక ఊహా లెక్క చూద్దాం. చర్లపల్లిలో ఎల్‌ఈడీ బల్బులు తయారుచేసే చిన్న యూనిట్ ఉందనుకోండి. బల్బు ఎఫ్‌ఓబీ ధర 200 రూపాయలు. అందులో చైనా భాగాల విలువ 130. మిగిలింది 70. 70ని 200తో భాగిస్తే సరిగ్గా 35 శాతం. పాసైనట్టే. కానీ వచ్చే నెల చైనా చిప్ రేటు రెండు రూపాయలు పెరిగితే మిగిలేది 68, అంటే 34 శాతం. యంత్రం అదే, మనుషులు అదే, బల్బు అదే. రాయితీ మాత్రం పోయింది. అందుకే ఈ లెక్కను ఏడాదికొకసారి కాకుండా ప్రతి ఆర్డరుకూ వేయాలి. కనీస శాతానికి పైన నాలుగైదు శాతం ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి.

అదే యూనిట్ తయారైన బల్బులనే చైనా నుంచి తెచ్చి, డబ్బా మార్చి, సగానికి సగం లాభం వేసుకుని అమ్మితే? శాతం లెక్కలో 50 వచ్చినా పనికిరాదు. తెచ్చినదీ బల్బే, అమ్మినదీ బల్బే, కోడ్ మారలేదు. ప్యాకింగ్ మార్చడం, లేబుల్ అంటించడం, వడపోయడం వంటి పైపై పనులకు పుట్టుక మారదు.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. చాలామంది వాడుకోనిది కూడా ఇదే. అదే ఒప్పందంలోని వేరే దేశం నుంచి తగిన ధ్రువపత్రంతో తెచ్చిన భాగాన్ని మన భాగంగానే లెక్కించవచ్చు. చైనా భాగానికి బదులు వియత్నాం భాగం దొరికితే, ధర ఒక రూపాయి ఎక్కువైనా సరే, అక్కడి ధ్రువపత్రం తెప్పించుకోండి. దాని విలువ మీ 35 శాతంలో కలుస్తుంది. ఎక్కడ అమ్మాలో ఒక్కటే కాదు, ఎక్కడ కొనాలో కూడా ఒప్పందమే చెబుతుంది.

ఇతర ఒప్పందాల్లో శాతం, కోడ్ షరతులు మారుతాయి. వస్తువుకో నియమం రాసిన అనుబంధాలూ ఉంటాయి. మీ కోడ్ ఎదురుగా ఏముందో అక్షరం అక్షరం చదవండి.

ధ్రువపత్రానికి డీజీఎఫ్‌టీ పోర్టల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. సరుకు ఓడెక్కే నాటికి సిద్ధం చేసుకోవడం మంచిది. ఆలస్యమైతే తరువాత తీసుకునే వీలున్నా, ఈలోపు రేవులో పార్టీ సుంకం కట్టాల్సి రావచ్చు. విశాఖ నుంచి వెళ్లే సరుకు దారిలో కొలంబో వంటి రేవులో ఓడ మారితే అక్కడ కస్టమ్స్ అదుపులోనే ఉండాలి, అమ్మకానికి బయటికి రాకూడదు. బయలుదేరిన చోటు నుంచి చేరే చోటు దాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ తీసుకుంటే దీన్ని రుజువు చేయడం తేలిక.

ఈ కాగితాల పనంతా కస్టమ్స్ బ్రోకర్ చూసుకుంటాడులే అనుకోవద్దు. ఫారం ఆయన నింపగలడు. మీ ముడిసరుకు ఎక్కడిదో ఆయనకు తెలియదు. తప్పు సమాచారం ఇస్తే సంతకం చేసిన మీరే బాధ్యులు.

పుట్టుక ఫైలు

అవతలి దేశపు కస్టమ్స్‌కు అనుమానం వస్తే సరుకు వెళ్లిపోయిన చాలా రోజుల తరువాత కూడా ఆరా తీస్తుంది. జవాబు లేకపోతే మీ పార్టీ ఆ సుంకాన్ని అప్పుడు కట్టాల్సి వస్తుంది. ఇంకోసారి ఆయన మీ దగ్గర కొనడు. అందుకే ప్రతి ఎగుమతికీ ఒక ఫైలు పెట్టండి. అందులో ఉండాల్సినవి: ముడిసరుకు బిల్లులు, మార్కెట్ యార్డు చీటీలు, దిగుమతి చేసిన భాగాల బిల్ ఆఫ్ ఎంట్రీలు, మీకు భాగాలు అమ్మినవాళ్లు అవి ఎక్కడివో రాసిచ్చిన కాగితం, ఖర్చుల పట్టిక, బ్యాచ్ నంబరు, షిప్పింగ్ బిల్లు, ధ్రువపత్రం నకలు. కనీసం ఐదేళ్లు దాచండి. ఫోన్లో ఫొటోలు తీసి ఉంచినా సరే, పేరు పెట్టి వేరే ఫోల్డరులో ఉంచండి.

మిగిలిన సొమ్ము ఎవరి జేబులోకి?

దిగుమతి సుంకం కట్టేది అవతలి కొనుగోలుదారు. మీరు శ్రమపడి తెచ్చిన ధ్రువపత్రం వల్ల మిగిలే డబ్బు కూడా మొదట ఆయనకే మిగులుతుంది. దుబాయ్‌లో 10 లక్షల రూపాయల సరుకు మీద 5 శాతం అంటే 50,000. మీరు నోరు తెరవకపోతే ఆ మొత్తం ఆయన లాభంలో కలిసిపోతుంది.

కాబట్టి ధర మాట్లాడేటప్పుడే ఈ మాట ముందుకు తేవాలి. "అన్నా, ఆరిజిన్ సర్టిఫికెట్ మేమే తీసి పంపుతున్నాం, మీకు డ్యూటీ పడదు. అందులో సగం రేటులో కలపండి, లేదంటే ముప్పై శాతం అడ్వాన్సు వేయండి." ఇలా రెండు దారులు చూపిస్తే పార్టీ ఏదో ఒకదానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పెట్టుబడి ఇరుకులో నడిచే చిన్న యూనిట్‌కు చాలాసార్లు రేటుకంటే అడ్వాన్సే మేలు. రెండూ కుదరకపోతే ఆర్డరు పరిమాణం పెంచమని అడగండి.

లెక్క తిరగబడే సందర్భమూ ఉంది. 40,000 రూపాయల పార్సిల్‌కు మిగిలేది 2,000. ఫైలు తయారుచేసే సమయం, రుసుములు, బ్రోకర్ ఖర్చు అంతకు మించితే ఆ పార్సిల్‌కు రాయితీ వదిలేయడమే తెలివి. ఎంత విలువ దాటితే ధ్రువపత్రం గిట్టుబాటవుతుందో మీ సరుకుకు ఒక అంకె నిర్ణయించి పెట్టుకోండి.

డబ్బు రాదేమోనన్న భయానికీ మందుంది. మొదటి ఆర్డరు అడ్వాన్సు మీదే పంపండి. అప్పు మీద పంపక తప్పని రోజు వచ్చినప్పుడు, 1957 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ దగ్గర ఎగుమతి బీమా తీసుకోండి.

సుంకం సున్నా అయినా ఆగే సరుకు

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు భారత్ నుంచి వెళ్లిన కొన్ని మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని వాటి అమ్మకాలు ఆపించారు. అక్కడ అడ్డుపడింది సుంకం కాదు, నాణ్యత పరీక్ష. దేశాల మధ్య సుంకాలు తగ్గే కొద్దీ సరుకు నెగ్గేదీ ఓడేదీ ల్యాబ్‌లోనే.

మిర్చి వ్యాపారికి తెలిసిన శత్రువు అఫ్లాటాక్సిన్. తడి ఆరని కాయలో బూజు పెరిగి ఈ విషం పుడుతుంది. కల్లంలో నేల మీద ఆరబోయకుండా టార్పాలిన్ వేయడం, తేమ కొలిచాకే సంచుల్లో నింపడం, లాటు లాటుకూ పరీక్ష చేయించడం వంటి పనులతోనే దీన్ని అదుపు చేయగలం. మసాలాలు ఎగుమతి చేయాలంటే స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మలేషియా, ఇండోనేషియా, గల్ఫ్ పార్టీలు ఆహార వస్తువులకు హలాల్ పత్రం అడగవచ్చు. గల్ఫ్‌లో లేబుల్ మీద అరబిక్ ఉండాలి. ఇవన్నీ ఆర్డరు తీసుకునేముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. సరుకు తయారయ్యాక లేబుల్ మార్చడం డబ్బు దండగ.

కంటెయినర్ నిండకపోతే

పోచంపల్లి నేత కుటుంబానికో, కొండపల్లి బొమ్మల కళాకారుడికో ఇరవై అడుగుల కంటెయినర్ నింపే స్తోమత ఉండదు. వాళ్లకు మూడు దారులున్నాయి. ఇతరుల సరుకుతో కలిపి పంపే ఎల్‌సీఎల్ ఒకటి. తపాలా శాఖ నడిపే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఇంకొకటి. చిన్న పార్సిళ్లకు కస్టమ్స్ పత్రం అక్కడే ఆన్‌లైన్లో వేయవచ్చు. మూడోది ఇతరుల సరుకు కొని విదేశాలకు పంపే మర్చంట్ ఎగుమతిదారుకు అమ్మడం. షరతులు పాటిస్తే అలాంటి అమ్మకానికి జీఎస్టీ 0.1 శాతమే. ప్రధాన షరతు ఏమిటంటే మీ ఇన్వాయిస్ తేదీ నుంచి 90 రోజుల్లో ఆయన ఆ సరుకును దేశం దాటించాలి. దాటించిన షిప్పింగ్ బిల్లు నకలు తప్పకుండా అడిగి తీసుకోండి.

చుట్టాల సూట్‌కేసులో పచ్చళ్లు పంపి వ్యాపారం అనుకునేవాళ్లకు ఒక మాట. దానివల్ల రుచి ఎవరికి నచ్చిందో తెలుస్తుంది, అంతే. బ్యాంకుకు చూపడానికి ఎగుమతి రికార్డు మిగలదు.

అటు నుంచి ఇటు వచ్చే సరుకు

ఒప్పందం రెండు వైపులా పనిచేస్తుంది. మన సరుకుకు తలుపు తెరిచిన దేశపు సరుకు మన బజారుకూ వస్తుంది. మీ వస్తువుకు పోటీగా ఏ దేశం నుంచి ఏ రేటుకు వస్తోందో ఆ మూడు గడుల కాగితంలోనే రాసుకోండి. నాలుగో గడి గీయండి, అంతే.

మీరే రాయితీ సుంకంతో భాగాలు దిగుమతి చేసుకుంటుంటే ఇంకో బాధ్యత ఉంది. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అవతలివాళ్లు ధ్రువపత్రం పంపారన్నది చాలదు. ఆ సరుకు అక్కడ ఎలా తయారైందో చెప్పగల సమాచారం దిగుమతిదారు దగ్గర ఉండాలి. అమ్మే చోటా, కొనే చోటా పరీక్ష ఒకటే.

ఈ నెలలో చేయాల్సినవి

1. మీరు ఎక్కువగా అమ్మే ఒక్క వస్తువు ఎంచుకోండి. దాని ఆరంకెల కోడ్ రాయండి.
2. మూడు దేశాలకు గడుల కాగితం నింపండి. తేడా లేని దేశాన్ని కొట్టేయండి.
3. ఆ వస్తువులోని ప్రతి భాగం ఎక్కడిదో, ఎంతకు కొన్నారో పట్టిక వేయండి. బయటి భాగాలు పోను మిగిలే శాతం లెక్కించండి.
4. "ఎక్కడిదో తెలియదు" అని రాయాల్సి వచ్చిన ప్రతి భాగానికీ, అమ్మినవాళ్లను అడిగి కాగితం తెప్పించండి. నెలలో ఎక్కువ సమయం దీనికే పడుతుంది, పట్టనివ్వండి.
5. జీఎస్టీ స్కీము, ఐఈసీ, ఏడీ కోడ్, ఎల్‌యూటీలలో ఏది లేదో చూసి ఆ పని మొదలుపెట్టండి.
6. ఒక లాటు ల్యాబ్‌కు పంపండి. ఫలితం బాగుంటే ఫైలులో పెట్టండి, బాగులేకపోతే ఎగుమతి ఆలోచనను ఒక సీజన్ వాయిదా వేయండి.
7. ఇవన్నీ అయ్యాకే పార్టీకి ధర చెప్పండి.

ఏడో పని మొదట చేసి, మిగతా ఆరూ తరువాత చూసుకోవచ్చనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ వరుస మార్చుకోవడానికి పెట్టుబడి అక్కర్లేదు, సంస్థ పరిమాణంతోనూ పనిలేదు.